బిడ్డ ఊపిరి, తల్లి నేరం

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్య హక్కుల మీద మాట్లాడమని పిలిచినప్పుడు నేను గర్భనిరోధక సాధనాల గురించో, అనవసరంగా చేస్తున్న గర్భసంచి ఆపరేషన్ల గురించో మాట్లాడతానని నిర్వాహకులు అనుకొని వుంటారు. ఆ రెండింటి మీదా మన ఉద్యమం చాలా పని చేసింది. నేను ఇవాళ ఎంచుకున్న విషయం మన సమావేశాల్లో పెద్దగా వినపడదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు నిద్రలో ఊపిరి ఆగిపోతుందేమోనన్న భయం, ఆ భయం చుట్టూ పుట్టుకొచ్చిన యంత్రాలు, బిడ్డ పోతే ఆ యంత్రం పక్కన దోషిగా నిలబడే తల్లి. ఇది డాక్టర్ల వ్యవహారం, మనకెందుకు అనిపించవచ్చు. చాలాకాలం నాకూ అలాగే అనిపించింది.

పధ్నాలుగేళ్ళ క్రితం నా కూతురు ముప్పయ్యో వారంలో పుట్టింది. బరువు కిలో మూడు వందల యాభై గ్రాములు. "ఏడో నెల బిడ్డ దక్కుతుందమ్మా, ఎనిమిదో నెల బిడ్డకే గండం" అని మా అత్తగారు ధైర్యం చెప్పారు. సైన్సు ప్రకారం అది తప్పే. గర్భంలో గడిచే ప్రతి వారమూ బిడ్డకు మేలే చేస్తుంది. అయినా ఆ రోజు నాకు డాక్టరు మాటకన్నా ఆ మాటే ఆసరా అయింది. బిడ్డను పెట్టెలో పెట్టారు. పక్కన మానిటర్. దాని మీద రెండు అంకెలు, ఒకటి గుండె వేగం, రెండోది రక్తంలో ఆక్సిజన్ శాతం. తొంభై ఐదు, తొంభై మూడు, ఎనభై ఎనిమిది, అంతలో అలారం. నర్సు వచ్చి అరికాలి మీద వేలితో చిన్నగా తట్టేది. బిడ్డ ఉలిక్కిపడి ఊపిరి తీసుకునేది. అంకె పైకి వచ్చేది. ముప్పై ఆరు రోజులు నేను నా కూతురి ముఖం కన్నా ఆ అంకెనే ఎక్కువ చూశాను.

ఇంటికి వచ్చాక మా అన్నయ్య అమెరికా నుంచి చిన్న యంత్రం పంపాడు. బిడ్డ నడుము దగ్గర తగిలిస్తే కడుపు కదలిక ఆగిన వెంటనే కూస్తుంది. మొదటి రాత్రి తొమ్మిది సార్లు కూసింది. తొమ్మిది సార్లూ బిడ్డ హాయిగానే వుంది, యంత్రమే జారింది. నా భర్త మంచివాడే. "నువ్వు చూస్తున్నావుగా" అని పడుకున్నాడు. నేను చూస్తూనే వున్నాను, నాలుగు నెలలు. స్త్రీల జీతంలేని చాకిరీ మీద పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకున్నదాన్ని. నేను చేస్తున్నది కూడా చాకిరీయేనని, దానికి పగలూ రాత్రీ షిఫ్టులు కూడా లేవని తట్టడానికి నాకు చాలా నెలలు పట్టింది.

ఇంతకీ ఊపిరి ఆగడమంటే ఏమిటో కొంచెం చెప్పుకోవాలి. శ్వాసను నడిపించే మెదడు భాగం నెలలు నిండని బిడ్డలో ఇంకా పక్వానికి రాదు. అందుకని నిద్రలో మధ్యమధ్య ఊపిరి తీయడం మర్చిపోయినట్టు ఆగిపోతుంది. ఇరవై సెకన్లు, అంతకుమించి ఆగినా, అంతకన్నా తక్కువ సేపు ఆగి గుండె వేగం పడిపోయినా, ఒళ్ళు నీలంగా మారినా దాన్ని ఆప్నియా అంటారు. ఇరవై ఎనిమిది వారాలకు ముందే పుట్టిన బిడ్డల్లో దాదాపు అందరికీ ఇది వుంటుంది. దీనికి మందు కెఫీన్, అవును, మన కాఫీలో వుండేదే. నెలలు నిండే సమయానికి చాలామందిలో దానంతటదే సర్దుకుంటుంది. ఆస్పత్రిలో వున్నంత కాలం మానిటర్ తప్పనిసరి. దాని మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. అది లేకుంటే నా కూతురు వుండేది కాదేమో.

ఆకస్మిక శిశు మరణం, ఇంగ్లీషులో పొట్టిగా సిడ్స్ అంటారు, ఇది వేరే సంగతి. ఏడాది లోపు బిడ్డ, ఆరోగ్యంగా వున్నట్టే కనిపిస్తూ నిద్రలో చనిపోతుంది. శవపరీక్ష చేసినా, ఇల్లంతా పరిశీలించినా కారణం దొరకదు. 1969లో సియాటిల్‌లో జరిగిన వైద్యుల సమావేశంలో దీనికి ఆ పేరు స్థిరపడింది. రెండు నుంచి నాలుగు నెలల మధ్య ఎక్కువగా జరుగుతుంది. నెలలు నిండని బిడ్డలకు ముప్పు మరింత ఎక్కువ. పేరు పెట్టడం చిన్న విషయం కాదు. అంతకుముందు ఇలాంటి చావులకు తల్లులే కారణమనేవారు. స్కాట్లాండ్‌లోని డండీలో పోలీసు వైద్యుడు టెంపుల్‌మన్ 1892లో 258 మంది శిశువుల మరణాల మీద వ్యాసం రాశాడు. నిద్రలో తల్లి మీద పడి ఊపిరాడక పోయారన్నాడు. కారణాలుగా తల్లుల తాగుడు, అజ్ఞానం, నిర్లక్ష్యం, ఇరుకు ఇళ్ళు చెప్పాడు. ఇరుకు ఇళ్ళు ఆ జాబితాలో తల్లుల తప్పుల తర్వాతే వచ్చాయి, గమనించండి.

ఇప్పుడు అసలు కథ. 1972లో అమెరికాలో ఆల్ఫ్రెడ్ స్టైన్‌ష్నైడర్ అనే శిశువైద్యుడు పేరున్న వైద్య పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ఐదుగురు పిల్లల మీద పరిశీలన అది. నిద్రలో దీర్ఘంగా ఊపిరి ఆగడమే సిడ్స్‌కు దారితీస్తుందన్నది వాదన. ఆ ఐదుగురిలో ఇద్దరు ఒకే తల్లి బిడ్డలు. ఆస్పత్రిలో వున్నప్పుడు బాగుండి, ఇంటికి వెళ్ళగానే చనిపోయారు. అంతకుముందే ఆ తల్లికి ముగ్గురు పిల్లలు పోయారు. ఇది కుటుంబంలో నడిచే జబ్బు అని, ఊపిరిని కనిపెట్టుకొని వుంటే ఆపవచ్చని అర్థం వచ్చింది. ఆ ఒక్క వ్యాసం మీద ఇంట్లో పెట్టుకునే ఆప్నియా మానిటర్ల వ్యాపారం లేచి నిలబడింది. వేలాది ఇళ్ళలో పిల్లల ఛాతీకి పట్టీలు కట్టారు. తల్లులు అలారం కోసం మేలుకొని కూర్చున్నారు.

ఆ తల్లి పేరు వనీటా హోయిట్. 1994లో పోలీసులు ఆమెను అరెస్టు చేశారు. ఐదుగురు పిల్లలనూ ఊపిరాడకుండా చేసి చంపానని మొదట ఒప్పుకుంది, తర్వాత కాదంది. 1995లో జ్యూరీ ఆమెను దోషిగా తేల్చింది. 1998లో జైల్లోనే చనిపోయింది. అంటే ఇరవై ఏళ్ళ వైద్యానికి, ఒక పరిశ్రమకు ఆధారమైన ఆ ఇద్దరు బిడ్డలకు ఊపిరి దానంతటది ఆగలేదన్నమాట. ఇందులో నన్ను ఎక్కువగా బాధించేది మరొకటి వుంది. ఆ వార్డులో పనిచేసిన నర్సులకు అప్పుడే అనుమానం వచ్చింది. బిడ్డను ఇంటికి పంపితే ఏమవుతుందోనని భయపడ్డారు. కోర్టులో చెప్పారు కూడా. కానీ 1971లో వాళ్ళ మాట ఎవరికి కావాలి? నర్సు కళ్ళతో చూసింది అనుమానం, డాక్టరు కాగితం మీద గీసింది సిద్ధాంతం!

ఇంటి మానిటర్లు సిడ్స్‌ను ఆపుతాయా అని తేల్చడానికి అమెరికాలో వెయ్యిమందికి పైగా శిశువుల మీద జరిగిన పెద్ద అధ్యయనం 2001లో వెలువడింది. ఏ ముప్పూ లేదనుకున్న, నిండు నెలల ఆరోగ్యవంతులైన బిడ్డల్లోనూ ఊపిరి ఆగడాలు నమోదయ్యాయి. నెలలు నిండని బిడ్డల్లో ఎక్కువగా వున్నా, గర్భంలో గడిపిన కాలంతో కలిపి నలభై మూడు వారాల వయసుకు వచ్చేసరికి ఆ తేడా పోయింది. సిడ్స్ ఎక్కువగా జరిగేది ఆ తర్వాతి నెలల్లో. 2003లో అమెరికా శిశువైద్యుల అకాడమీ స్పష్టంగా చెప్పేసింది, సిడ్స్‌ను ఆపడం కోసమని ఇంటి మానిటర్లు రాయవద్దని. కొందరు బిడ్డలకు, ఆక్సిజన్‌తో ఇంటికి వెళ్ళేవాళ్ళ వంటివారికి, వేరే అవసరం వుండొచ్చు. అది డాక్టరు చూసుకునే సంగతి.

మరి ప్రాణాలు కాపాడింది ఏది? యంత్రం కాదు. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టడం. ఇంతే! పశ్చిమ దేశాల్లో 1950ల నుంచి పిల్లల్ని బోర్లా పడుకోబెట్టమని డాక్టర్లే చెప్పారు. ఇంటింటా వుండే పిల్లల పెంపకం పుస్తకాల్లో రాశారు. తల్లులు డాక్టరు మాట విన్నారు, అదీ వాళ్ళు చేసిన తప్పు. బోర్లా పడుకోవడం ప్రమాదమని 1970 నాటికే లెక్కలు వున్నాయని, అన్నీ కలిపి చూసి వుంటే ఒక్క బ్రిటన్‌లోనే పదివేల మంది శిశువులు బతికేవారని 2005లో బ్రిటిష్ పరిశోధకులు లెక్క కట్టారు. బ్రిటన్‌లో 1991లో వెల్లకిలా ప్రచారం మొదలైంది. అందులో ముందు నిలబడింది ఆ ఏడాదే కొడుకును పోగొట్టుకున్న టీవీ వ్యాఖ్యాత ఆన్ డైమండ్. అమెరికాలో 1994లో మొదలైంది. రెండు చోట్లా కొన్నేళ్ళలోనే మరణాలు సగానికి పైగా తగ్గాయి. పైసా ఖర్చులేని ఉపాయం. దాన్ని పెట్టెలో పెట్టి అమ్మలేరు, అందుకేనేమో అంత ఆలస్యమైంది.

అమ్మకాలు మాత్రం ఆగలేదు. ఇప్పుడు బిడ్డ కాలికి తొడిగే మేజోడు ఆక్సిజన్ అంకెను తల్లి సెల్‌ఫోనుకు పంపుతుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2021లో అలాంటి ఒక కంపెనీకి అనుమతి లేకుండా అమ్ముతున్నారని హెచ్చరిక పంపింది. 2023లో అనుమతి ఇచ్చింది. సిడ్స్‌ను ఆపుతుందని చెప్పుకునే అనుమతి కాదు అది. మన నగరాల్లో విదేశాల నుంచి తెప్పించుకునేవాళ్ళను నేను చూశాను. అడిగితే ఒకటే జవాబు, "ఏదైనా జరిగితే నేను చూడలేదన్న మాట రాకూడదు కదండీ." యంత్రం బిడ్డ కోసం కాదు, ఆ మాట కోసం.

హోయిట్ కేసు తర్వాత లోలకం అటువైపు ఊగింది. బ్రిటన్‌లో రాయ్ మెడో అనే పేరుమోసిన శిశువైద్యుడు వుండేవాడు. ఒకే ఇంట్లో ఒక బిడ్డ పోతే విషాదం, రెండో బిడ్డ పోతే అనుమానం, మూడో బిడ్డ పోతే హత్య, కాదని రుజువయ్యే దాకా. ఇదీ ఆయన పేరుతో చలామణి అయిన సూత్రం. 1999లో శాలీ క్లార్క్ అనే న్యాయవాది ఇద్దరు కొడుకులనూ చంపిందన్న కేసులో ఆయన సాక్ష్యం చెప్పాడు. అలాంటి ఇంట్లో రెండు సిడ్స్ మరణాలు జరిగే అవకాశం ఏడు కోట్ల ముప్పై లక్షల్లో ఒకటి అన్నాడు. 8,543లో ఒకటి అన్న అంకెను దానితోనే గుణించాడు, అంతే. ఒకే తల్లి, ఒకే తండ్రి, ఒకే ఇల్లు అయినప్పుడు రెండు చావులు ఒకదానికొకటి సంబంధం లేనివెలా అవుతాయి? 2001లో బ్రిటన్ రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ ఈ లెక్క తప్పని బహిరంగంగా ప్రకటించింది. రెండో బిడ్డ శరీరంలో బాక్టీరియా దొరికిన సంగతి డిఫెన్సుకు చెప్పలేదని కూడా బయటపడింది. 2003 జనవరిలో ఆమెను విడుదల చేశారు. 2007లో, నలభై రెండేళ్ళకే పోయింది. తల్లిపాత్రకు పనికిరాని ఉద్యోగిని అని ఆమె గురించి పత్రికలు రాసిన రాతలు చదివితే మనకు కొత్తగా ఏమీ అనిపించదు.

2003 జూన్‌లో త్రుప్తి పటేల్ అనే మనదేశం మూలాలున్న ఫార్మసిస్టు, ముగ్గురు పిల్లల మరణాల కేసులో నిర్దోషిగా బయటపడింది. ఆ విచారణలో ఒక దృశ్యం నన్ను వదలదు. ఆమె అమ్మమ్మ, ఎనభై ఏళ్ళ మనిషి, ఇండియా నుంచి విమానంలో వెళ్ళి, దుబాసీ సాయంతో సాక్ష్యం చెప్పింది. తనకు పన్నెండు మంది పుట్టారని, ఐదుగురు నెలల పిల్లలుగా వున్నప్పుడే పోయారని. వంశంలో ఏదో లోపం వుండొచ్చన్న వాదనకు ఆ మాట బలమైంది. ఆ ఐదుగురికి ఏ ఆస్పత్రి కాగితమూ లేదు. వాళ్ళు పుట్టారనడానికీ, పోయారనడానికీ ఆ ముసలమ్మ జ్ఞాపకమే రికార్డు. మన అమ్మమ్మలూ అలాగే లెక్క చెప్పేవారు కదా, "పది కంటే ఆరు దక్కాయి" అని. ఆ "దక్కాయి" అన్న మాటలో ఎన్ని చావులు ముడుచుకొని వున్నాయో ఏ సర్వేలోనూ అడగలేదు.

ఆస్ట్రేలియాలో కాథ్లీన్ ఫోల్‌బిగ్ సంగతి మరీ ఘోరం. 1989, 1999 మధ్య నలుగురు పిల్లలు పోయారు. 2003లో శిక్ష పడింది. ముఖ్యమైన సాక్ష్యం ఆమె డైరీలు. బిడ్డల చావుకు తనే కారణమన్నట్టు, తను చెడ్డ తల్లినన్నట్టు రాసుకుంది. దాన్ని నేరం ఒప్పుకోలుగా చదివారు. ఇద్దరు కూతుళ్ళలో గుండె లయను దెబ్బతీయగల అరుదైన జన్యుమార్పు వుందని తర్వాత శాస్త్రవేత్తలు కనుగొన్నారు. 2023 జూన్‌లో క్షమాభిక్ష, డిసెంబరులో శిక్ష రద్దు. ఇరవై ఏళ్ళు జైల్లో గడిచాయి. ఆ నాలుగు నెలల్లో నేనూ ఒక నోటుపుస్తకం రాసుకున్నాను. "నా ఒంట్లోనే ఏదో లోపం వుంది, అందుకే అది అంత తొందరగా బయటికి వచ్చేసింది" అని అందులో వుంది. నా కూతురు బతికింది కాబట్టి ఆ పుస్తకం బీరువాలో వుంది.

తల్లులందరూ అమాయకులనడం నా ఉద్దేశం కాదు. నేను అడిగేది, బిడ్డ పోయిన రాత్రి మొదటి ప్రశ్న "తల్లి ఏం చేస్తోంది?" అనే ఎందుకు వస్తుందని. మన దగ్గర కోర్టు అవసరం కూడా లేదు. పక్షిదోషం అంటారు, బాలింత తలుపు తెరిచి పడుకుందంటారు, పక్కలో వేసుకొని ఒళ్ళెరగకుండా నిద్రపోయిందంటారు. పదకొండో రోజునుంచే ఇంటి చాకిరీ చేసి, రాత్రి రెండు గంటలకోసారి పాలిచ్చే మనిషి ఒళ్ళెరిగి ఎలా నిద్రపోతుంది?

అయితే మన పద్ధతులన్నీ తప్పనీ అనలేం. 1993లో బ్రిటన్ పరిశోధకులు కార్డిఫ్‌లో బంగ్లాదేశీ తల్లులనూ వేల్స్ తల్లులనూ పోల్చి చూశారు. అక్కడి ఆసియా కుటుంబాల్లో సిడ్స్ తక్కువ. బంగ్లాదేశీ బిడ్డ ఎప్పుడూ మనుషుల మధ్య, మాటల చప్పుడులో, ఎవరో ఒకరి చేతుల్లో వుంటుందని, వేల్స్ బిడ్డ వేరే గదిలో నిశ్శబ్దంగా ఒంటరిగా పడుకుంటుందని గమనించారు. ఆ స్త్రీలు పొగ తాగకపోవడం కూడా ఒక కారణమే. ఇది వినగానే "చూశారా మన సంస్కృతి" అని లేచేవాళ్ళుంటారు. ఆగమంటాను. "ఎవరో ఒకరి చేతులు" అంటే ఎవరివి? అత్తవి, ఆడపడుచువి, బడి మానేసిన ఎనిమిదేళ్ళ అక్కవి. బిడ్డకు సాంబ్రాణి పొగ పట్టేదీ, తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెట్టేదీ ఆ చేతులే. నెలలు నిండని బిడ్డకు రెండూ మంచివి కావు.

మన రాష్ట్రాల్లో సమస్య రూపం వేరు. 2020లో మన దేశంలో ముప్పై లక్షల మందికి పైగా బిడ్డలు నెలలు నిండకుండా పుట్టారని అంచనా, ప్రపంచంలో ఇదే ఎక్కువ. వీళ్ళలో ఎక్కువమంది పోయేది రెండో నెల నిద్రలో కాదు. మొదటి వారాల్లో, చలికి, ఇన్ఫెక్షన్‌కు, ఊపిరి అందక. నిద్రలో పోయినవాళ్ళకు శవపరీక్ష వుండదు, కాబట్టి సిడ్స్ ఎంత అన్న లెక్కా వుండదు. జిల్లా ఆస్పత్రుల్లో ప్రత్యేక నవజాత శిశు కేంద్రాలు వచ్చాయి, మానిటర్లు వచ్చాయి. మంచిదే. కానీ నేను వెళ్ళిన ఒక కేంద్రంలో బిడ్డలు అద్దం లోపల, తల్లులు వరండాలో గచ్చు మీద. మూడు గంటలకోసారి పిలుస్తారు, పాలు పిండి ఇచ్చి మళ్ళీ బయటికి. లోపల అలారం మోగితే బయట ఇరవై మంది తల్లులూ లేచి నిలబడతారు, ఎవరి బిడ్డో తెలియదు. ఒకామె నాతో అంది, "నా బిడ్డ ఏడుపు ఎట్టుంటదో నాకింకా తెలవదమ్మా, పెట్టె కూతే తెలుసు."

తల్లిని బయట పెట్టడం వైద్యపరంగా కూడా తప్పు. కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక 1970ల చివర మొదలైంది కంగారూ సంరక్షణ, బిడ్డను తల్లి ఛాతీకి ఆనించి కట్టుకోవడం. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో చేసిన అధ్యయనం ఫలితాలు వచ్చాయి. మన దేశం నుంచి ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రి అందులో వుంది. బిడ్డ స్థిమితపడేదాకా ఆగకుండా, పుట్టిన వెంటనే తల్లి ఒంటికి ఆనించి వుంచిన గుంపులో తొలి నెల మరణాలు 12 శాతం. పాత పద్ధతిలో 15.7 శాతం. అందుకోసం తల్లి మంచాన్ని బిడ్డ వున్న గదిలోకే తెచ్చారు. గుండె చప్పుడు, వెచ్చదనం, ఛాతీ కదలిక, బిడ్డ ఊపిరిని గుర్తుచేసే మానిటర్ తల్లి ఒళ్ళే. అలసిపోతే తండ్రి ఒళ్ళూ పనికొస్తుంది. ఈ మాట మగవాళ్ళ సభల్లో కూడా చెప్పండి.

కార్యకర్తలుగా మనం పట్టుకోవాల్సిన కాగితాలు కొన్ని వున్నాయి. 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష కార్యక్రమంలో జబ్బుపడ్డ నవజాత శిశువుకు ఉచిత వైద్యం ముప్పై రోజులకు రాశారు, తర్వాత ఏడాదికి పెంచారు. తల్లికి భోజనం మాత్రం మామూలు కాన్పుకు మూడు రోజులు, ఆపరేషన్‌కు ఏడు రోజులు అని వుంది. బిడ్డ ముప్పై రోజులు పెట్టెలో వుంటే ఎనిమిదో రోజు నుంచి పాలిచ్చే తల్లి ఏం తినాలి? 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం పదో సెక్షన్‌లో, నెలలు నిండని కాన్పు వల్ల జబ్బుపడితే అదనంగా ఒక నెల దాకా వేతనంతో సెలవు వుండేది. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోకి కూడా ఆ మాట వచ్చింది. ఎంతమంది వాడుకున్నారు? నేను వాడుకోలేదు, నాకు తెలియదు. కూలికి పోయే స్త్రీకి ఆ చట్టమే వర్తించలేదు.

ఇంటికి వెళ్ళే తల్లికి చెప్పాల్సినవి చిన్న మాటలు. వెల్లకిలా పడుకోబెట్టండి. ఆస్పత్రిలో బోర్లా పడుకోబెట్టడం చూసి ఇంట్లోనూ అలాగే చేస్తున్నారు. అక్కడ మానిటర్ వుంది కాబట్టి చేశారని ఎవరూ చెప్పరు. మెత్తటి దిండు, బరువు బొంత వద్దు. గదిలో బీడీ, సిగరెట్, పొగ వద్దు. చేయి చాపితే అందే దూరంలో, విడిగా చిన్న పక్క వేయండి. ఇవన్నీ తల్లికే కాదు, ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పాలి. తల్లికే చెబితే అది మరో బాధ్యత అవుతుంది, రేపు మరో నేరమవుతుంది.

నేను చెప్పిన ఆ కేంద్రంలో మేం పెద్ద విప్లవమేమీ తేలేదు. లోపల తల్లులు కూర్చోవడానికి కుర్చీలు వేయమని అడిగాం. ఇన్ఫెక్షన్ అన్నారు. చేతులు కడుక్కొని పాలివ్వడానికి వస్తున్నవాళ్ళే కదా అన్నాం. మూడు నెలలు తిరిగాక వెనక్కి వాలే కుర్చీలు ఆరు వేశారు. తర్వాతి నెల వెళ్ళేసరికి వాటిలో రెండు సూపరింటెండెంటుగారి గది ముందున్నాయి. నలుగురం వెళ్ళి అడిగి, మా చేతులతోనే మోసుకొచ్చి మళ్ళీ లోపల వేశాం.